నమ్మడం – నమ్ముకోవడం: మెదక్ గ్రామీణ విశ్వాసాలపై ల్యూక్–కార్మన్ అధ్యయనం – ఏడుపాయల నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మనుషులు ఒక మతవిశ్వాసాన్ని ఎలా స్వీకరిస్తారు, ఎలా మార్చుకుంటారు, ఎలా విడిచిపెడతారు అనే ప్రశ్నకు తెలుగు నేల నుంచి వచ్చిన విలువైన క్షేత్ర అధ్యయనాలలో పి. వై. ల్యూక్, జాన్ బి. కార్మన్ 1968లో ప్రచురించిన ‘విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్’ ఒకటి. మెదక్ ప్రాంత గ్రామీణ క్రైస్తవుల జీవితాన్ని ఈ గ్రంథం నమోదు చేసింది. ఇందులోని సమాచారం బలమైనది. ఆ సమాచారాన్ని అర్థం చేసుకోవడానికి వాడిన చట్రం మాత్రం అంత బలమైనది కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఏడుపాయల వనదుర్గా భవాని జాతరలో కనిపించే మొక్కు స్వరూపాన్ని, తెలుగులోని ‘నమ్ము’, ‘నమ్ముకొను’ అనే క్రియల అర్థభేదాన్ని ఆధారం చేసుకొని ఆ గ్రంథాన్ని తిరిగి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మతవిశ్వాసం, మతాంతరం, మొక్కు, ఏడుపాయల, మెదక్, గ్రామదేవత, దళిత క్రైస్తవం, ధ్రువపత్రం.

1. ఉపోద్ఘాతం

మెదక్ పట్టణానికి సమీపంలో, పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి శివారులో మంజీరా నది ఏడు పాయలుగా చీలి ప్రవహిస్తుంది. ఆ పాయల నడుమ, బండరాళ్ల మధ్య వనదుర్గా భవాని కొలువై ఉంది. మహాశివరాత్రికి ఇక్కడ మూడు రోజుల జాతర జరుగుతుంది. జనం కుటుంబాలతో వచ్చి చెట్ల కింద, రాళ్ల చాటున విడిది చేసి, వంట చేసుకొని, మొక్కు చెల్లించుకొని వెళ్తారు. అదే మెదక్ పట్టణంలో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మహాదేవాలయం, అంటే నేటి దక్షిణ ఇండియా సంఘపు కెథెడ్రల్ ఉంది. క్రిస్మస్‌కు అక్కడికి చేరే జనంలో క్రైస్తవేతరులు కూడా ఉంటారు. కొవ్వొత్తి వెలిగించి, మనసులోని కోరిక చెప్పుకొని తిరిగి వెళ్తారు.

ఈ రెండు స్థలాలను ఒకదానికొకటి ఎదురుగా నిలిపి, ఇది హిందువులది, అది క్రైస్తవులది అని చెప్పడం సులభం. జనాభా లెక్కల పత్రం చెప్పేదీ అదే. కానీ మెదక్ పల్లెల్లో గత శతాబ్దంలో విశ్వాసాలు మారిన తీరును ఆ విభజనతో వివరించడం సాధ్యం కాదు. బాప్తిస్మం పొందిన కుటుంబం పోచమ్మ కొలుపుకు తన వంతు ఇచ్చింది. పోచమ్మను కొలిచే కుటుంబం బిడ్డకు జ్వరం వస్తే పాస్టరు చేత ప్రార్థన చేయించుకుంది. దీనిని అజ్ఞానంగా, అర్ధవిశ్వాసంగా, రెండు పడవల ప్రయాణంగా వర్ణించిన రచనలు అనేకం. అలా వర్ణించడానికి ముందు ఆ మనుషులు ‘నమ్మడం’ అనే పనిని ఏమని అర్థం చేసుకున్నారో అడగవలసి ఉంది.

2. గ్రంథ పరిచయం

‘విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్’ గ్రంథాన్ని లండన్‌లోని లటర్‌వర్త్ ప్రెస్ ప్రచురించింది. ప్రపంచ సంఘాల మండలి ఆధ్వర్యంలో వివిధ దేశాల స్థానిక సంఘాలపై జరిగిన అధ్యయనాల వరుసలో ఇది ఒక భాగం. మెదక్ అధ్యక్ష మండలంలోని వడియారం పాస్టరేటు పరిధిలో ఉన్న పల్లెలు దీని క్షేత్రం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడక ముందు ఈ సంఘాలు వెస్లియన్ మెథడిస్టు మిషను కిందివి. సభ్యులలో అత్యధికులు మాల, మాదిగ కులాల వ్యవసాయ కూలీలు, చిన్న రైతులు.

రచయితల జంట ఈ గ్రంథానికి ఒక ప్రత్యేకతను ఇచ్చింది. ల్యూక్ భారతీయ సంఘ సేవకుడు. కార్మన్ అమెరికన్ మతశాస్త్ర పండితుడు. ఒకరికి ఆ జీవితం లోపలి నుంచి తెలుసు, మరొకరికి దూరం నుంచి చూసే అభ్యాసం ఉంది. అందువల్ల ఈ గ్రంథంలో మిషను నివేదికలలో తరచుగా కనిపించే విజయగాథల ధోరణి లేదు. బాప్తిస్మంలో పెట్టిన పేరు ఒకటి, ఊరిలో పిలిచే పేరు మరొకటి అయిన మనుషులు ఇందులో కనిపిస్తారు. గ్రామదేవతల కొలుపుల్లో పాల్గొనడం, పెళ్లిలో పాత ఆచారాలను నిలుపుకోవడం, రోగం వచ్చినప్పుడు ఏ శక్తి కారణమో వెతకడం, క్రీస్తును రోగాలను, దయ్యాలను తొలగించే బలమైన దేవుడిగా చూడడం వంటి విషయాలను రచయితలు దాచకుండా నమోదు చేశారు. సంఘం తన గురించి తాను ఇంత నిజాయితీగా రాసుకున్న సందర్భాలు తక్కువ. ఈ గ్రంథాన్ని ఇప్పటికీ చదవడానికి ఆ నిజాయితీయే మొదటి కారణం.

అయితే నమోదు చేసినదానిని వివరించే దగ్గర గ్రంథం ఒక కొలబద్దను వెంట తెచ్చుకుంది. సిద్ధాంతపరమైన విశ్వాసం ఒక వైపు, పాత ఆచారాల శేషం మరొక వైపు అనేది ఆ కొలబద్ద. దాని ప్రకారం విశ్వాసి మొదట ఒక సత్యాన్ని గ్రహించాలి, తరువాత దానికి విరుద్ధమైనవాటిని వదలాలి. వదలనివి ఎంత మిగిలితే విశ్వాసం అంత అసంపూర్ణం. ఈ కొలబద్దను ప్రశ్నించడానికి కావలసిన ఆధారాలు ఆ గ్రంథం సేకరించిన సమాచారంలోనే ఉండడం ఇక్కడ గమనించవలసిన విషయం.

3. ‘నమ్ము’, ‘నమ్ముకొను’: అర్థభేదం

తెలుగులో ‘నమ్ము’ అనే క్రియ ఒక మాటను నిజమని ఒప్పుకోవడాన్ని సూచిస్తుంది. దానికి ‘కొను’ చేరి ‘నమ్ముకొను’ అయినప్పుడు అర్థం మారుతుంది. రైతు భూమిని నమ్ముకుంటాడు. నేత కార్మికుడు మగ్గాన్ని నమ్ముకుంటాడు. ముసలితల్లి కొడుకును నమ్ముకుంటుంది. ఈ మూడింటిలోనూ భూమి ఉందా, మగ్గం ఉందా, కొడుకు ఉన్నాడా అనే సందేహానికి చోటు లేదు. తన బతుకు భారాన్ని దేనిపై మోపాలన్నదే ఇక్కడి విషయం. ‘కొను’ అనే ఆత్మార్థక సహాయక క్రియ ఆ బాధ్యతను నమ్మిన మనిషి వైపు తిప్పుతుంది. నమ్ముకున్నవాడు ఒక సంబంధంలోకి దిగుతాడు. దానికి ప్రతిఫలం ఉంటుంది, కాలపరీక్ష ఉంటుంది, విఫలమయ్యే అవకాశం కూడా ఉంటుంది.

తెలుగు పల్లెల్లో మతాంతరాన్ని చెప్పే మాటలు కూడా ఈ దిశలోనే ఉన్నాయి. ‘దేవుణ్ణి నమ్ముకున్నారు’, ‘మతం పుచ్చుకున్నారు’, ‘సంఘంలో కలిశారు’ అంటారు. పుచ్చుకోవడం, కలవడం, నమ్ముకోవడం అనేవి ఇచ్చిపుచ్చుకునే లోకానికి, బంధుత్వ లోకానికి చెందిన క్రియలు. ‘మతమార్పిడి’ అనే మాట వార్తలకు, చట్టాలకు, రాజకీయాలకు చెందినది. ఒక వస్తువును ఇచ్చి మరొకటి తీసుకునే వ్యవహారాన్ని ఆ మాట స్ఫురింపజేస్తుంది. మతం మారినవారు తమ అనుభవాన్ని చెప్పుకొనే మాట, ఇతరులు వారి గురించి చెప్పే మాట వేరువేరుగా ఉండడం ఆలోచించదగినది.

పాశ్చాత్య మతచరిత్రలో ఈ భేదానికి దగ్గరగా వచ్చిన ఆలోచన ఒకటుంది. ఎ. డి. నాక్ 1933లో వెలువరించిన ‘కన్వర్షన్’ గ్రంథంలో రెండు స్థితులను వేరు చేశాడు. పాతదాన్ని పూర్తిగా తప్పుగా గుర్తించి, కొత్తదాని వైపు మనసును మళ్లించుకోవడం ఒకటి. పాతదాన్ని ఉంచుకుంటూనే కొత్త ఆరాధనను అదనపు ఆసరాగా చేర్చుకోవడం రెండవది. ప్రాచీన గ్రీకు, రోమను సమాజాలలో రెండవదే సాధారణమని అతడు వివరించాడు. మెదక్ పల్లెలకు ఈ విభజన కొంతవరకే ఉపయోగపడుతుంది. నాక్ దృష్టిలో చేర్చుకోవడం మారడం కంటే పలచనిది. ‘నమ్ముకోవడం’ పలచనిది కాదు. కూలి పోగొట్టుకొని, దొర ఆగ్రహాన్ని ఎదుర్కొని సంఘంలో కలిసిన కుటుంబం పోచమ్మ కొలుపుకు వెళ్లినంత మాత్రాన, దాని విశ్వాసం తేలికైనదని చెప్పలేం.

ఇక్కడ మరొక విషయం ఉంది. కార్మన్ 1974లో ‘ది థియాలజీ ఆఫ్ రామానుజ’ గ్రంథాన్ని ప్రచురించాడు. శ్రీవైష్ణవంలో శరణాగతి అంటే తన రక్షణ భారాన్ని భగవంతునిపై ఉంచడం. ఆ భావనను సంస్కృత, తమిళ సంప్రదాయాలలో అంత శ్రద్ధగా పరిశీలించిన పండితునికి, మెదక్ కూలీ ‘నమ్ముకున్నాం’ అన్నప్పుడు దానిలో శరణాగతి ఛాయ కనిపించి ఉండవలసింది. పండిత గ్రంథంలో ఉంటే వేదాంతంగా, కూలీ నోట ఉంటే అవగాహనాలోపంగా ఒకే భావాన్ని చూసే అలవాటు ఒక్క కార్మన్‌ది కాదు. మతాన్ని అధ్యయనం చేసిన తరాలది.

4. ఏడుపాయల: మొక్కు స్వరూపం

నమ్ముకోవడం ఆచరణలో ఎలా ఉంటుందో ఏడుపాయల జాతర స్పష్టంగా చూపుతుంది. మొక్కులో నాలుగు అంశాలుంటాయి. ఒక ఆపద లేదా కోరిక, దేవతకు ఇచ్చిన మాట, ఒక గడువు, చెల్లింపు. పిల్లలు లేనివారు, పంట పోయినవారు, పశువులకు జబ్బు చేసినవారు మాట ఇస్తారు. కోరిక తీరితే బోనం, ఒడిబియ్యం, మేకపోతు, తలనీలాలు, బండి కట్టడం వంటి రూపాలలో ఆ మాట చెల్లిస్తారు. జాతరలో రెండవ రోజున బండ్లు తిరగడం, మూడవ రోజున రథోత్సవం జరుగుతాయి. అలంకరించిన ఎడ్లబండి గుడి చుట్టూ తిరగడం కేవలం వేడుక కాదు. ఇచ్చిన మాట చెల్లిందని ఊరందరి ముందు చూపే సాక్ష్యం.

మొక్కులో సిద్ధాంత పరీక్ష లేదు. మొక్కేవారు ఏ కులమో, ఇంకెవరిని కొలుస్తారో అమ్మవారు అడగదు. ఇచ్చిన మాటను తప్పడం మాత్రమే ఇక్కడ దోషం. అందువల్ల ఒకే కుటుంబం ఏడుపాయలలో మొక్కు చెల్లించి, మొహర్రం నెలలో పీర్ల ముందు ఊదు వేసి, క్రిస్మస్‌కు మెదక్ చర్చిలో కొవ్వొత్తి వెలిగించడంలో వైరుధ్యం లేదు. ప్రతి చోటా ఇచ్చిన మాట వేరు, చెల్లింపు వేరు.

ఈ క్షేత్రం తనకు తానే విశ్వాసాలు పొరలుగా చేరిన చోటు. అర్జునుని మునిమనుమడైన జనమేజయుడు ఇక్కడ సర్పయాగం చేశాడని స్థలపురాణం చెబుతుంది. ఏడు పాయలకు సప్తర్షుల పేర్లు ఉన్నాయి. అమ్మవారి పేరులో దుర్గ, భవాని అనే పౌరాణిక నామాలకు ముందు ‘వన’ అనే మాట నిలిచింది. పెద్ద జాతర శివరాత్రికి జరుగుతుంది, కానీ ప్రధాన దైవం అమ్మవారు. ఉపవాసమూ ఉంది, మేకపోతూ ఉంది. ఒక అడవి తల్లి ఆరాధన పైకి పురాణం వచ్చి చేరిందని ఈ లక్షణాలను బట్టి ఊహించవచ్చు. ఆ చేరికను ఎవరూ మతమార్పిడి అనలేదు. పాత కొలుపు కొత్త పేరును చేర్చుకుంటే సంప్రదాయం అనడం, పాత కొలుపున్న ఇల్లు యేసును చేర్చుకుంటే సంకరం అనడం ఒకే కొలమానంతో కొలవడం కాదు.

వానాకాలంలో మంజీరకు వరద వచ్చినప్పుడు గర్భగుడి నీటిలో మునుగుతుంది. అప్పుడు రాజగోపురంలో ఉత్సవ విగ్రహాన్ని ఉంచి పూజలు జరుపుతారు. గర్భగుడి దారి మూసుకుపోయినా మొక్కు ఆగదు. ఆరాధన స్థలం మారవచ్చు, రూపం మారవచ్చు, ఇచ్చిన మాట మారకూడదు అనే అవగాహన ఇందులో ఉంది. మెదక్ పల్లెల్లో సంఘంలో కలిసిన మొదటి తరం తమ వెంట తీసుకువెళ్లినది ఈ అవగాహననే.

5. కరువు, కట్టడం: ఉద్దేశం అనే ప్రశ్న

మెదక్ కెథెడ్రల్ కథ చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీతో ముడిపడి ఉంది. కరువుకాలంలో జనానికి దానం ఇవ్వడానికి బదులు పని ఇచ్చి, కూలికి తిండిగింజలు ఇచ్చి ఆ కట్టడాన్ని నిర్మించారనే కథనం ఈ ప్రాంతంలో విస్తృత ప్రచారంలో ఉంది. ఈ కథనాన్ని రెండు వర్గాలు రెండు రకాలుగా వాడుకుంటాయి. ఒక వర్గానికి ఇది కరుణకు నిదర్శనం. మరొక వర్గానికి గింజల కోసం మతం మార్చుకున్నారనే నిందకు ఆధారం.

రెండు వాదాలూ ఒకే ఊహపై నిలిచాయి. ఆకలి ఒక గదిలో, భక్తి మరొక గదిలో ఉంటాయనేది ఆ ఊహ. జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన ‘క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా’ ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొంది. బాప్తిస్మానికి కారణాలను ఆధ్యాత్మికం, లౌకికం, సామాజికం, జన్మతః వచ్చినవి అని నాలుగు వర్గాలుగా అది విభజించింది. చేరేటప్పటి ఉద్దేశం కంటే చేరిన తరువాత లభించిన బోధన, ఆదరణ విశ్వాస జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించాయని తేల్చింది. ఈ నిర్ధారణ మిషను ప్రయోజనానికి అనుకూలంగా ఉందనేది నిజమే. అయినా అందులో ఒక మెళకువ ఉంది. తలుపు దగ్గర అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబుతో ఇంట్లో గడిపిన జీవితాన్ని కొలవకూడదు.

ఏడుపాయలకు వచ్చే రైతు వాన కోసం మొక్కుతాడు. అతని భక్తి వాన కోసమే కాబట్టి అది భక్తి కాదని ఎవరూ అనరు. వెట్టి చాకిరీ నుంచి విడుదల కోసం, పిల్లల చదువు కోసం, కరువులో గంజి కోసం సంఘంలో కలిసిన మాల కుటుంబం విషయంలో మాత్రం ఉద్దేశ శుద్ధి పరీక్ష ముందుకు వస్తుంది. ఆ పరీక్ష విశ్వాసానికి సంబంధించినది కాదు. కులానికి సంబంధించినది. ఎవరి కోరిక సహజమో, ఎవరి కోరిక దురాశో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే అందులోని అసలు విషయం.

6. ‘హిందూ సంస్కృతి’ అనే శీర్షికలోని చిక్కు

ల్యూక్–కార్మన్ గ్రంథం పేరులో ‘హిందూ కల్చర్’ ఉంది. గ్రామ క్రైస్తవులు నిలుపుకున్నవన్నీ ఈ పేరు కిందికి చేరాయి. కానీ మాల, మాదిగ వాడల్లో పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ కొలుపులు అగ్రహారపు దేవాలయ సంప్రదాయానికి చెందినవి కావు. ఆ దేవాలయాలలోకి వారికి ప్రవేశమే లేని కాలమది. ఊరి కొలుపులలో బైండ్ల, పోతరాజు, డప్పు వంటి పాత్రలన్నీ అణగారిన కులాలవే. ఊరికి గత్తర వస్తే దేవతను శాంతింపజేసే పనిలో వారు అవసరం. శాంతించిన తరువాత ఊరిలోకి రావడానికి మాత్రం అనర్హులు. అటువంటి స్థితిలో బాప్తిస్మం పొందిన మాల కుటుంబం కొలుపు నుంచి పూర్తిగా తప్పుకోవడమంటే ఒక దేవతను విడవడం మాత్రమే కాదు. ఊరి పనిలో తనకున్న ఒకే ఒక్క హక్కును, దానితో వచ్చే పంపకాన్ని, బంధువులతో పొత్తును విడవడం. ‘పాత మతపు శేషం’ అని గ్రంథం చూసినదానిలో ఈ సామాజిక గణితం ఉంది.

రెండు పేర్ల విషయం కూడా ఇటువంటిదే. సంఘపు పుస్తకంలో ఒక పేరు, ఊరిలో మరొక పేరు ఉండడాన్ని విశ్వాస బలహీనతగా లెక్కించడం తొందరపాటు. కొత్త పేరు గౌరవాన్ని ఇచ్చింది. ‘ఒరే’ అని పిలిచే దొర నోటికి ఆ పేరు అందలేదు. పాత పేరు పనిని, అప్పును, చుట్టరికాన్ని నిలిపింది. రెండు పేర్ల మనిషి రెండు అబద్ధాల మనిషి కాడు. తనను రెండు రకాలుగా చూసే లోకంలో బతికిన ఒకే మనిషి.

7. నవలా సాక్ష్యం

క్షేత్ర అధ్యయనం ఒక కాలపు స్థితిని చూపగలదు. తరాల మీదుగా విశ్వాసం కదిలే తీరును చూపడానికి కథనం కావాలి. మెదక్‌కు దూరంగా, కోస్తా నేపథ్యంలో వచ్చినప్పటికీ, జి. కళ్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ (2000) ఈ దృష్టితో ఇక్కడ పోల్చదగినది. ఎన్నెలదిన్ని మాలపల్లెలో పాట, ఆట ఎల్లన్నకు ఆరాధనకు సమానమైనవి. కరువు అతని కొడుకు శివయ్యను ఊరు దాటిస్తుంది. కాలువ పని దగ్గర కూడా అంటరానితనం అతన్ని వదలదు. క్రైస్తవం అతనికి ఆసరా అవుతుంది, అతడు సీమోను అవుతాడు. తరువాతి తరం ఆ విశ్వాసంలోనే పుడుతుంది. ఆపై తరాలు విప్లవ రాజకీయాల వైపు సాగుతాయి.

ఈ నవలలో ఎవరూ గ్రంథాలు పోల్చి చూసి మతం మారలేదు. ప్రతి తరమూ తన బతుకు భారాన్ని మోయగల ఆసరా కోసం వెతికింది. దొరికినదాన్ని నమ్ముకుంది. అది మోయలేకపోయినప్పుడు మరొక దాని వైపు కదిలింది. కులం చర్చి లోపలికి కూడా వచ్చిందన్న చేదును నవల దాచదు. పికెట్ చెప్పిన ‘జన్మతః’ అనే వర్గం నవలలో సజీవమవుతుంది. తండ్రి పోరాడి నమ్ముకున్నది కొడుకుకు అలవాటుగా అందుతుంది, మనుమడికి ప్రశ్నగా మారుతుంది. విశ్వాసాన్ని విడవడం కూడా నమ్ముకోవడంలోని ఒక దశ అని నవల సూచిస్తుంది. ల్యూక్–కార్మన్ గ్రంథంలో లేని కాలపు లోతు ఇక్కడ ఉంది. నవలలో లేని నిత్యాచార సూక్ష్మత ఆ గ్రంథంలో ఉంది. రెండింటినీ పక్కపక్కన ఉంచి చదవడం అవసరం.

8. ధ్రువపత్రం అడిగే జవాబు

ఈ చర్చ గతానికి మాత్రమే చెందినది కాదు. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించింది. క్రైస్తవంలో కలిసిన దళితులకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రాలలో వారిని, వారి సంతానాన్ని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో చేర్చి 1 శాతం రిజర్వేషను కల్పించారు. ఈ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషనును నియమించింది.

దీని ఫలితం పల్లెలో సూటిగా కనిపిస్తుంది. సంఘపు పుస్తకంలో ఒక పేరు, కులధ్రువపత్రంలో మరొక మతం. ల్యూక్, కార్మన్ చూసిన రెండు పేర్ల స్థితికి ఇప్పుడు చట్టపు అంచు వచ్చింది. ‘నువ్వు ఏ మతం?’ అనే ప్రశ్నకు ఒకే జవాబు చెప్పాలి. ఆ జవాబుపై పిల్లల చదువు, ఉద్యోగం, అత్యాచార నిరోధక చట్టపు రక్షణ ఆధారపడతాయి. ఊరిలో అంటరానితనం బాప్తిస్మంతో పోలేదు. దాని నుంచి రక్షించే చట్టం మాత్రం బాప్తిస్మంతో దూరమైంది. నమ్ముకోవడం అనే క్రియను గుర్తించని వ్యవస్థ, నమ్మడం అనే క్రియకు జవాబు అడిగి, ఆ జవాబును నేరంగానో మోసంగానో చూస్తుంది.

2024 డిసెంబరు 25న, కెథెడ్రల్ శతవార్షిక సందర్భంగా మెదక్‌కు వచ్చిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఏడుపాయలలో అమ్మవారిని దర్శించుకొని, తరువాత చర్చి ప్రార్థనలలో పాల్గొన్నారు. అది మతసామరస్యానికి గుర్తుగా ప్రశంస పొందింది, అది సముచితమే. అదే రోజున, అదే దారిలో ఒక దళిత కూలీ కుటుంబం రెండు చోట్లకూ వెళ్లి ఉంటే దానికి సామరస్యం అనే పేరు రాదు. సంఘం దృష్టిలో అది విశ్వాసలోపం, అధికారి దృష్టిలో అనుమానం. ఒకే ఆచరణకు మనిషి స్థానాన్ని బట్టి వేరు పేర్లు రావడాన్ని విమర్శ గుర్తించాలి.

9. ముగింపు

ల్యూక్–కార్మన్ గ్రంథం విలువ దాని నిర్ధారణలలో కంటే అది భద్రపరచిన జీవిత వివరాలలో ఎక్కువగా ఉంది. ‘ఏమి నమ్ముతున్నారు?’ అనే ప్రశ్నతో వెళ్లిన రచయితలకు గ్రామస్థులు ‘ఎవరిని నమ్ముకున్నాం’ అనే జవాబు ఇచ్చారు. ప్రశ్నకు, జవాబుకు మధ్య ఉన్న ఈ ఎడం గ్రంథంలో ‘హిందూ సంస్కృతి ప్రభావం’గా నమోదైంది. ఏడుపాయల మొక్కు స్వరూపాన్ని పక్కన ఉంచి చదివినప్పుడు అది ప్రభావంగా కాక, విశ్వాసాన్ని ధరించే పద్ధతిగా కనిపిస్తుంది.

ఈ వాదానికి ఒక పరిమితి ఉంది. మెదక్ పల్లెల్లో అందరూ పొరలుగానే నమ్మారని చెప్పడం సరికాదు. పాతదాన్ని పూర్తిగా విడిచి, దానికి మూల్యం చెల్లించిన కుటుంబాలు ఉన్నాయి. ఏ దేవుణ్ణీ నమ్ముకోని మనుషులూ ఉన్నారు. వారి నిర్ణయాన్ని కూడా ‘మొక్కు’ అనే ఒకే చట్రంలో ఇమడ్చడం మరొక అన్యాయం అవుతుంది. పొరలుగా నమ్మినవారిని అసంపూర్ణ విశ్వాసులుగా, పూర్తిగా విడిచినవారిని సంపూర్ణ విశ్వాసులుగా వరుస పెట్టే అలవాటును వదలాలన్నదే ఇక్కడి ప్రతిపాదన. దళిత క్రైస్తవ జీవితంపై తెలుగులో రాబోయే పరిశోధన సంఘపు పుస్తకాలను, కులధ్రువపత్రాలను మాత్రమే కాక, మొక్కులను, పేర్లను, కొలుపు పంపకాలను కూడా ఆధారాలుగా స్వీకరించాలి. విశ్వాసం గురించి మనుషులు చెప్పుకొనే మాటలు మొదట ఆ చోట్లలోనే నమోదవుతాయి.